కంచునుండి కాగితమునకు: ఒక అక్షరము చరిత్ర

పుస్తకమును చేతబట్టినవాడు విషయమును చదువునే కాని అక్షరముల రూపమును గూర్చి విచారింపడు. అయినను ప్రతి అచ్చక్షరమునకును ఒక కర్త గలడు, ఒక చరిత్ర గలదు. ఇంగ్లీషు అచ్చులో పేరొందిన ‘ఆల్బర్టస్’ అను దళసరి అక్షరము చరిత్ర గ్రంథాలయ పాఠకులు తెలిసికొనదగినది.

దీనిని రూపొందించినవాడు బెర్తోల్డ్ వోల్ప్. ఇతడు 1905వ సంవత్సరమున జర్మనీ దేశమందలి ఆఫెన్‌బాక్ పట్టణమున యూదు కుటుంబమునందు జన్మించెను. మొదట లోహపు పని నేర్చి, పిమ్మట అక్షరశిల్పియగు రుడాల్ఫ్ కోక్‌నకు శిష్యుడయ్యెను. కంచు పలకలపై శాసనములు చెక్కుట ఇతని వృత్తి. మన తామ్రశాసనములయందు అక్షరము లోనికి చెక్కబడును. వోల్ప్ పద్ధతి దీనికి విపరీతము. అక్షరము చుట్టునుగల లోహమును తొలగించి, అక్షరమును ఉబ్బెత్తుగా నిలుపును. ఉలి వెలుపలినుండియే రూపమును తీర్చుటచే సన్నని నగిషీలకు తావు లేక, అక్షరము సాదాగను నిబ్బరముగను నిలుచును.

లండనునందు మోనోటైప్ సంస్థకు సలహాదారుగా నుండిన స్టాన్లీ మారిసన్ 1932లో ఈ శాసనముల ఛాయాపటములను చూచి, అట్టి అక్షరములనే అచ్చునకు కూర్చుమని కోరెను. 1935లో కాపిటల్ అక్షరములు వెలువడెను. చిన్న అక్షరములు తరువాత వచ్చెను. 13వ శతాబ్దపు జర్మను తత్త్వవేత్త ఆల్బర్టస్ మాగ్నస్ పేరు దీనికి పెట్టబడినది.

సాధారణమైన ఇంగ్లీషు అచ్చునందు నిలువుగీతల కొనలకు సన్నని అడ్డుగీతలుండును. ఆల్బర్టస్‌నందు అట్లు కాదు. మొదట వెడల్పగు తాటిబోదెవలె గీత తానే కొనలయందు మెల్లగా విస్తరించును. అందుచే అక్షరము దళసరియయ్యు మొద్దుగా తోపదు. దూరమునుండియు స్పష్టముగా కనబడును. అయితే పుటలకొలది విషయమును దీనితో కూర్చినచో కన్ను అలయును. గ్రంథనామములు, అట్టలు, నామఫలకములు దీనికి తగిన స్థానములు.

ఇంతలో జర్మనీయందు నాజీల పాలన యూదు కళాకారులకు పని లేకుండ జేసెను. వోల్ప్ 1935లో ఇంగ్లండు చేరెను. యుద్ధము రాగా, శత్రువులకు వెరచి వచ్చినవాడే శత్రుదేశీయుడుగా ఎంచబడి 1940లో ఆస్ట్రేలియా నిర్బంధ శిబిరమునకు పంపబడెను. అప్పటికే ఆయన అక్షరములు ఇంగ్లండు ముద్రాపకుల చేతులయందుండెను! 1941లో తిరిగివచ్చి ఫేబర్ అండ్ ఫేబర్ ప్రచురణ సంస్థలో చేరి, 1975 వరకు 1500కు పైగా పుస్తకములకు అట్టలను రచించెను. వానిలో అనేకములపై ఆల్బర్టస్ నిలిచినది.

1967లో బ్రిటనునందు ప్రసారమైన ‘ది ప్రిజనర్’ అను టెలివిజన్ కథయందు, అందమైన ఊరుగా కనబడు చెరసాలలోని ఫలకములన్నియు ఈ అక్షరమునే కొంచెము మార్చి వ్రాయబడినవి. చెరను చవిచూచిన వాని అక్షరము చెర కథకే అలంకారమగుట వింత. వోల్ప్ 1989లో మరణించెను. 2017లో మోనోటైప్ సంస్థ ఈ అక్షరమును కంప్యూటరునకు తగినట్లు మరల తీర్చి వెలువరించినది.

లండను నగరపు ప్రాచీన భాగమైన ‘సిటీ’ యందలి వీథుల పేర్లు నేడు ఈ అక్షరములతోనే కానవచ్చును. స్వదేశము వెళ్లగొట్టినవాడు, ఆశ్రయమిచ్చిన దేశము నిర్బంధించినవాడు, ఆ దేశపు రాజధానిలో బాటసారులకు దారి చూపుచున్నాడు. పనియందలి నాణ్యము పాలకుల ఆజ్ఞలకంటె దీర్ఘాయువు గలదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? పుస్తకమును బీరువానుండి తీయు పాఠకులు అట్టమీది అక్షరమును ఒక క్షణమైనను పరికింపదగును.