రంగం మేస్త్రీ నుంచి స్కిల్ సెంటర్ దాకా: ఉత్తరాంధ్ర ప్లేస్‌మెంట్ కథ

ఇవాళ టాపిక్ ప్లేస్‌మెంట్స్. ఆగండి, బీటెక్ ప్లేస్‌మెంట్స్ కాదు. ప్యాకేజీ ఎంత, బాండ్ ఎన్నేళ్లు అన్న గోల పక్కన పెడదాం. ఐటీఐలో ఫిట్టర్ చేసిన కుర్రాడు, స్కిల్ సెంటర్‌లో మూడు నెలలు కుట్టు మెషీన్ నేర్చుకున్న అమ్మాయి... వీళ్లకి ఉద్యోగం ఎలా వస్తుంది? వచ్చాక అందులో నిలబడగలరా? శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ ప్రశ్న వంద ఏళ్ల కంటే పాతది.

నా లెక్కలో ఇక్కడ మొట్టమొదటి ప్లేస్‌మెంట్ ఆఫీసర్ మేస్త్రీ. అవును, రంగూన్ మేస్త్రీ. 1852లో బ్రిటిష్ వాళ్లు దిగువ బర్మాని కలిపేసుకున్నాక అక్కడ వరి సాగు, బియ్యం మిల్లులు, రంగూన్ ఓడరేవు బాగా పెరిగాయి. పని చేసే చేతులు కావాలి. ఆ చేతులు మన తీరం నుంచి వెళ్లాయి. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు. ఇవి గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో భాగం. కళింగపట్నం, భీమునిపట్నం లాంటి రేవుల్లో స్టీమర్ ఎక్కి మనవాళ్లు "రంగం" వెళ్లేవారు. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు, గోదావరి దగ్గరి కోరంగి రేవు పేరు మీద.

మేస్త్రీ ఏం చేసేవాడు? ఊళ్లోకి వచ్చి మనుషుల్ని ఎంచుకునేవాడు, టికెట్ డబ్బు అడ్వాన్స్ ఇచ్చేవాడు, తనే వెంటపెట్టుకుని తీసుకెళ్లేవాడు. అక్కడ పని చూపించేది ఆయనే, ఉండటానికి చోటు చూపించేది ఆయనే. కూలి డబ్బు కూడా ఆయన చేతి మీదుగానే వచ్చేది, అడ్వాన్స్ కోత పోను. ఇది దోపిడీయే, అందులో డౌట్ లేదు. 1929లో వేసిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ బర్మా వెళ్లిన భారతీయ కూలీల పరిస్థితిని ప్రత్యేకంగా పరిశీలించింది. 1930 మే నెలలో రంగూన్ డాకుల్లో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మా వాళ్లని పెట్టారు. సమ్మె ముగియగానే ఆ బర్మా వాళ్లని తీసేశారు. దాంతో అల్లర్లు రేగి వంద మందికి పైగా చనిపోయారు.

మరి ఇంత అన్యాయమైన పద్ధతి దశాబ్దాల పాటు ఎందుకు నడిచింది? పేదరికం ఒకటే కారణం అనుకోను. కొడుకుని పంపే ముందు ఏ తల్లైనా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ ఊర్లో మనోళ్లెవరున్నారు బాబూ?" మేస్త్రీ దగ్గర దానికి జవాబు ఉంది. "నేనున్నాను కదా" అనేవాడు. ఆ మాటకి ధర అప్పు రూపంలో వసూలు చేసేవాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు ప్రభుత్వం దగ్గరికి వద్దాం. 1945లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, ఇంటికొచ్చే సైనికులకి పని చూపించడానికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల వ్యవస్థ మొదలైంది. తర్వాత అందరికీ తెరిచారు. 1950లో ఐటీఐల వెనకున్న క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ వచ్చింది. శ్రీకాకుళం జిల్లా పుట్టింది కూడా అదే ఏడాది, ఆగస్టు 15న. 1956 నవంబర్ 1న, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే, ఎక్స్ఛేంజీల, ఐటీఐల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకి ఇచ్చారు. ఒకే చేతిలో ట్రైనింగ్, ఉద్యోగం రెండూ! పేపర్ మీద సూపర్ డిజైన్.

కానీ 1959లో వచ్చిన చట్టం చూడండి. దాని ప్రకారం ప్రభుత్వ సంస్థలు, 25 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలని ఎక్స్ఛేంజీకి తెలియజేయాల్సి ఉండేది. తెలియజేస్తే సరిపోయేది. ఎక్స్ఛేంజీ పంపినవాళ్లనే తీసుకోవాలన్న రూల్ ఉండేది కాదు, ఆ మాట చట్టంలోనే రాసి ఉండేది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే నోటిఫికేషన్ వస్తుంది, యాక్షన్ బటన్ ఉండదు. మీ నాన్ననో మావయ్యనో అడగండి, ఎంప్లాయ్‌మెంట్ కార్డు రెన్యువల్ చేయించుకుంటూ కాల్ లెటర్ కోసం చూసిన కథ చెబుతారు. మేస్త్రీలా అప్పులో ముంచలేదు, నిజమే. కానీ ఆ కౌంటర్ వెనక "నేనున్నాను" అనే మనిషి కూడా లేడు.

1979లో ట్రైసెమ్ వచ్చింది, పల్లె యువతకి స్వయం ఉపాధి శిక్షణ. అదే ఏడాది జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. 1999లో ఆ స్కీమ్‌ని వేరే పథకంలో కలిపేశారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి రుడ్‌సెటి పెట్టాయి. ట్రైనింగ్ కొన్ని వారాలే, కానీ ఆ తర్వాత చాలాకాలం వెంటపడతారు. షాపు పెట్టావా, లోన్ వచ్చిందా అని. ఇదే నమూనాని కేంద్రం తర్వాత జిల్లాకొకటి చొప్పున ఆర్‌సెటిలుగా తెచ్చింది, వాటిలో ఈ వెంటపడటం రెండేళ్లు. మన రాజాంలో జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ నాగావళి నది పేరుతో పెట్టిన శిక్షణ సంస్థ కూడా పల్లె యువత ఉపాధి కోసమే. (రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. పాత సర్టిఫికెట్లలో జిల్లా పేరు చూసి కంగారు పడకండి.)

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఈజీఎంఎం నాకు నిజంగా ఇంట్రెస్టింగ్. పల్లెల్లోని యువతకి ప్రైవేటు ఉద్యోగాలు చూపించడానికే పెట్టిన ప్రభుత్వ మిషన్ అది. 2014లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వచ్చాక లెక్క ఇంకా టైట్ అయింది. శిక్షణ సంస్థకి డబ్బు విడతలుగా వస్తుంది, చివరి విడతలు ప్లేస్‌మెంట్‌కి ముడిపడి ఉంటాయి. ఆఫర్ లెటర్ చూపిస్తే సరిపోదు, మూడు నెలలు పనిచేసినట్టు జీతం ఆధారం చూపించాలి. ఉద్యోగంలో చేరినవాళ్లకి నెలకి 1000 రూపాయల సాయం కూడా ఆ రూల్స్‌లో పెట్టారు: సొంత జిల్లాలో అయితే 2 నెలలు, రాష్ట్రంలో వేరే జిల్లా అయితే 3, వేరే రాష్ట్రం అయితే 6. అంటే ఇల్లు ఎంత దూరమైతే అంత ఎక్కువ కాలం తోడు ఉండాలని రూల్ రాసినవాళ్లకి తెలుసు.

మరి రూల్ ఉంటే సమస్య తీరినట్టేనా? లేదు. మూడు నెలల స్లిప్పులు దొరికాయంటే ఫైల్ క్లోజ్ చేసే సెంటర్ కూడా ఉండొచ్చు. నాలుగో నెలలో పిల్లాడు బ్యాగ్ సర్దుకుని పలాస స్టేషన్‌లో దిగితే ఆ ఫైల్‌లో ఏమీ మారదు.

ఎందుకు దిగుతాడు? ఒక లెక్క వేద్దాం. జీతం 14,000 అని చెప్పారనుకోండి. మొత్తం బేసిక్ అయితే పీఎఫ్ 12 శాతం, 1,680 పోతుంది. ఈఎస్ఐ 0.75 శాతం, ఇంకో 105. చేతికి 12,215. అందులో రూమ్ అద్దె, మెస్, బస్సు. ఈ లెక్క ట్రైనింగ్ మొదటి వారంలోనే, అమ్మానాన్నల ముందు, బోర్డు మీద వేసి చూపించిన సెంటర్ నుంచి వెళ్లినవాడికి మొదటి జీతం రోజు షాక్ ఉండదు. వేయని సెంటర్ నుంచి వెళ్లినవాడు "మోసం చేశారు" అనుకుంటాడు, నిజానికి ఎవరూ మోసం చేయకపోయినా.

నన్నడిగితే మంచి ప్లేస్‌మెంట్ సెల్ పని బ్యాచ్ మొదలవ్వక ముందే మొదలవుతుంది. పైడిభీమవరం ఫార్మా కంపెనీకి ఎలాంటి హెల్పర్ కావాలో ముందే వెళ్లి కనుక్కుని, దాన్ని బట్టి సీట్లు నింపాలి. కోర్సు అయ్యాక కంపెనీల చుట్టూ తిరగడం పెళ్లికి పిలిచాక పొయ్యి వెలిగించడం లాంటిది. ఇంకో విషయం, ఒక్కణ్ని ఒంటరిగా చెన్నై పంపకూడదు. ఒకే ఊరి నుంచి నలుగురైదుగురిని ఒకే చోటికి పంపి, అంతకుముందు బ్యాచ్‌లో అక్కడ స్థిరపడిన సీనియర్ నంబర్ చేతిలో పెట్టాలి.

సెంటర్ ఈ పని చేయకపోతే పాత దారి ఎలాగూ ఉంది. 2018 నవంబర్‌లో గుజరాత్ వేరావల్ బోట్లలో పనిచేస్తూ పాకిస్తాన్‌కి చిక్కిన మన మత్స్యకారులు గుర్తున్నారా? 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర విడుదలయ్యారు. చేపల వేటకి సొంత తీరం ఉన్నవాళ్లు దేశం అవతలి తీరానికి వెళ్లాల్సి వచ్చింది.

కాబట్టి మీరో, మీ తమ్ముడో ఏదైనా సెంటర్‌లో చేరబోతుంటే, గోడ మీద ప్లేస్‌మెంట్ శాతం చూసి ఆగిపోకండి. పోయిన ఏడాది బ్యాచ్‌లో ఇద్దరి నంబర్లు అడగండి. వాళ్లు ఇంకా అదే పనిలో ఉన్నారా, మానేస్తే ఎన్నో నెలలో మానేశారు, అప్పుడు సెంటర్ నుంచి ఎవరైనా ఫోన్ చేశారా అని వాళ్లనే కనుక్కోండి. నంబర్లు ఇవ్వడానికి సెంటర్ వాళ్లు వెనకాడితే ఇంకో సెంటర్ చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో నెల్లిమర్ల జూట్ మిల్లు కథ. అప్పటిదాకా ఉంటాను మరి.