ఒకే పని, అనేక ప్రతులు: లైనక్స్ కెర్నెల్‌లో మెమరీ కోడ్ ఏకీకరణ

ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే మూలభాగాన్ని కెర్నెల్ అంటారు. ఏ ప్రోగ్రామ్‌కు ఎంత మెమరీ ఇవ్వాలో నిర్ణయించి, ఒకదాని చోటులోకి మరొకటి చొరబడకుండా కాపాడే బాధ్యత దానిదే. కామవరపుకోటలో ఒక రైతు చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ ఆర్మ్ ప్రాసెసర్‌తో నడుస్తుండగా, దానికి సమాచారం పంపే దూరపు సర్వర్ తరచుగా ఇంటెల్ జాతి ప్రాసెసర్‌తో నడుస్తుంది. అయినా సాధారణంగా రెండింటిలోనూ ఉండేది లైనక్స్ కెర్నెలే.

హెల్సింకీలో 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన తొలి లైనక్స్ ఇంటెల్ 386 ప్రాసెసర్‌కే పరిమితమైంది. ఆ ప్రాసెసర్ మెమరీని 4,096 బైట్ల పేజీలుగా విడగొట్టి, ప్రోగ్రామ్ వాడే చిరునామాను అసలు చిరునామాగా మార్చడానికి పేజీ టేబుళ్లు అనే రెండంచెల పట్టికలను వాడేది: 32 బిట్లలో మొదటి 10 పై పట్టికలోని గడిని, తర్వాతి 10 కింది పట్టికలోని గడిని, మిగిలిన 12 పేజీలోని బైటును చూపేవి. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు అనే వరుసలో పొలాన్ని పట్టుకోవడం వంటిదే ఈ పద్ధతి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినా, 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినా కామవరపుకోట పొలాలు కదలలేదు, వాటిని చేరే వరుసే మారింది. ప్రాసెసర్లలోనూ అంచెలు అలాగే మారుతూ వచ్చాయి.

మూడంచెల పట్టికలు గల ఆల్ఫా ప్రాసెసర్‌కు లైనక్స్‌ను తెచ్చినప్పుడు టోర్వాల్డ్స్ దాని కోసం వేరే ప్రతి రాయక, ఉమ్మడి కోడ్‌నే మూడంచెలకు రాసి, రెండంచెల ప్రాసెసర్లలో మధ్య అంచె కంపైల్ సమయంలోనే కలిసిపోయేలా చేశారు. ఈ చరిత్రలో అన్నింటికన్నా దూరదృష్టి గల నిర్ణయం ఇదే. 2005లో నాలుగో అంచె, 2017లో ఐదో అంచె చేరినప్పుడు పాత పద్ధతిలోనే ఉండిపోయిన ఆర్కిటెక్చర్లకు, అంటే ప్రాసెసర్ జాతులకు, వేసిన తాత్కాలిక అతుకులు 2020లో విడుదలైన 5.5, 5.8 వెర్షన్లలో తొలగిపోయాయి. అంతకుముందే 2008 జనవరి నాటి 2.6.24 వెర్షన్‌లో, వేర్వేరు డైరెక్టరీలలో పెరిగిన 32, 64 బిట్ల ఇంటెల్ జాతి కోడ్‌లను ఒక్కటి చేశారు.

ప్రతులు మిగిల్చే ప్రమాదం 2023లో స్పష్టంగా బయటపడింది. ప్రోగ్రామ్ తాకిన పేజీ మెమరీలో లేనప్పుడు కలిగే అంతరాయాన్ని పేజీ ఫాల్ట్ అంటారు. అప్పుడు కెర్నెల్ తాళం వేసి, ఆ చిరునామా ఏ ప్రాంతానిదో వెతికి, అది స్టాక్‌కు, అంటే ఫంక్షన్లు తాత్కాలిక విలువలు దాచుకునే చోటుకు, ఆనుకుని ఉంటే దానిని పెంచుతుంది. ఈ కొద్ది వరుసల కోడ్ దాదాపు ప్రతి ఆర్కిటెక్చర్‌లోనూ విడిగా రాసి ఉండేది, పైగా స్టాక్‌ను పెంచేటప్పుడు వేసేది అనేకులు ఒకేసారి వేయగల చదివేవారి తాళమే తప్ప ఒక్కరే వేయగల మార్చేవారి తాళం కాదు. మెమరీ ప్రాంతాల జాబితాను 6.1 వెర్షన్‌లో మేపుల్ ట్రీ అనే కొత్త నిర్మాణంలోకి మార్చాక ఆ తాళం చాలకపోయింది, ఎందుకంటే ఒకరు చదువుతున్న గడి మరొకరి మార్పు వల్ల విడుదలైపోయే వీలు ఏర్పడింది. పెకింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు కనుగొన్న ఈ లోపానికి స్టాక్‌రాట్ అని పేరు వచ్చింది. ఏళ్ల తరబడి హాని చేయని అలవాటు ఒక్కసారిగా ప్రతి ప్రతిలోనూ తప్పుగా మారడంతో, టోర్వాల్డ్స్ తాళం వేయడాన్ని, ప్రాంతాన్ని వెతకడాన్ని ఒకే ఉమ్మడి ఫంక్షన్‌గా రాసి, మొదట ఇంటెల్ జాతిని, ఆపై ఆర్మ్, పవర్‌పీసీ, మిప్స్, రిస్క్-ఫైవ్ వంటి వాటిని దానికి మళ్లించారు.

అన్నింటినీ కలపకపోవడం కూడా అంతే వివేకమైన పని. పీఏ-రిస్క్ ప్రాసెసర్‌పై లైనక్స్‌లో స్టాక్ కిందికి కాక పైకి పెరుగుతుంది కనుక, 2023 ఆగస్టు 27న వచ్చిన 6.5 వెర్షన్‌లో తాళం నియమం దానికీ వర్తించినా, దాని పేజీ ఫాల్ట్ కోడ్ విడిగానే ఉండిపోయింది.