గుమ్మఘట్ట రేషన్ కార్డుతో బెంగళూరులో బియ్యం ఇస్తారా? ఏ కార్డు చెల్లుతుంది, ఏది చెల్లదు?

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలం కర్ణాటక సరిహద్దులో ఉంది. వానలు ముఖం చాటేసిన ఏడాది ఇక్కడి నుంచి చాలామంది కూలి పనుల కోసం బెంగళూరు, బళ్లారి దారి పడతారు. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఊళ్లోనే ఉంటారు. కార్డు మాత్రం ఒక్కటే. మరి ఆ కార్డు మీద పట్నంలో ఉన్నవాళ్లకు బియ్యం వస్తాయా?

వస్తాయి. అయితే అది కేంద్రం లెక్కలో ఉన్న కార్డు అయి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో నడిపే కార్డు అయితే ఏపీ దాటాక పనిచేయదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. చాలామందికి ఈ తేడా వేరే రాష్ట్రంలో డీలర్ 'రాదు' అన్నాకే తెలుస్తోంది.

చట్టం ఏమి ఇస్తోంది?

జాతీయ ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. దీని ప్రకారం దేశంలో గ్రామీణ జనాభాలో 75 శాతం, పట్టణ జనాభాలో 50 శాతం వరకూ రాయితీ ధాన్యం పొందవచ్చు. ఇందులో రెండు రకాల కుటుంబాలున్నాయి.

• ప్రాధాన్య కుటుంబాలు: ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు.
• అంత్యోదయ కుటుంబాలు: ఇంట్లో ఎంతమంది ఉన్నా కుటుంబానికి నెలకు 35 కిలోలు.

చట్టంలో బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, ముతక ధాన్యాలు రూపాయి అని ఉంది. 2023 జనవరి నుంచి కేంద్రం వీటిని ఉచితంగా ఇస్తోంది. 2024 జనవరి 1 నుంచి మరో ఐదేళ్లు ఉచితమేనని ప్రకటించింది.

5 కిలోలంటే మనిషికి రోజుకు దాదాపు 165 గ్రాములు. కూలి పని చేసేవాళ్లకు ఇది నెలంతా సరిపోదు. కానీ పని దొరకని వారాల్లో ఇల్లు గడిచేది ఈ బియ్యంతోనే.

రెండు రకాల కార్డులు ఎందుకు?

ఏ రాష్ట్రంలో ఎంతమందికి ధాన్యం ఇవ్వాలన్నది కేంద్రం 2011 జనాభా లెక్కల ఆధారంగా ఖరారు చేసింది. ఆంధ్రప్రదేశ్‌కు 2.68 కోట్ల మంది కోటా వచ్చింది. రాష్ట్రంలో బియ్యం కార్డుల్లో ఉన్నవారు అంతకంటే చాలా ఎక్కువ. కిలో 2 రూపాయల బియ్యం పథకం 1983లో మొదలైనప్పటి నుంచి ఇక్కడ ఎక్కువ కుటుంబాలకు రేషన్ ఇస్తూ వస్తున్నారు. కేంద్రం కోటాలో పట్టనివారికి రాష్ట్రమే ఖర్చు పెట్టుకుని బియ్యం ఇస్తోంది.

ఏపీ లోపల ఈ తేడా కనిపించదు. ఏ కార్డు ఉన్నా రాష్ట్రంలోని ఏ రేషన్ దుకాణంలోనైనా తీసుకోవచ్చు. సరిహద్దు దాటితేనే బయటపడుతుంది. 2027 జనగణన లెక్కలు వచ్చాక కోటాలు సవరిస్తే కొత్త కుటుంబాలకు అవకాశం రావచ్చు. అప్పటివరకూ 2011 అంకెలే ఆధారం.

'వన్ నేషన్ వన్ రేషన్' ఎలా పనిచేస్తుంది?

2019 ఆగస్టులో ఏపీ–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర మధ్య ప్రయోగాత్మకంగా మొదలైంది. 2020 జనవరిలో కర్ణాటక కూడా చేరింది. 2022 జూన్ నాటికి దేశమంతా విస్తరించింది.

వేరే రాష్ట్రంలో కొత్త కార్డు అక్కర్లేదు, దరఖాస్తు అక్కర్లేదు. దగ్గర్లోని రేషన్ దుకాణానికి వెళ్లి కార్డు నంబరో, ఆధార్ నంబరో చెప్పి ఈ-పోస్ యంత్రంపై వేలిముద్ర వేయాలి. ఆ నెల కోటాలో ఎంత మిగిలి ఉందో యంత్రంలో కనిపిస్తుంది.

ఉదాహరణకు ఐదుగురున్న ప్రాధాన్య కుటుంబానికి నెలకు 25 కిలోలు. బెంగళూరులో ఉన్న ఇద్దరు అక్కడ 10 కిలోలు తీసుకుంటే, మిగతా 15 కిలోలు గుమ్మఘట్టలో ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. ఎవరు ముందు వెళ్లినా మొత్తం కోటా ఒక్కటే కాబట్టి, ఎక్కడ ఎంత తీసుకోవాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవడం మంచిది. మొత్తం ఊళ్లోనే తీసేసుకుంటే పట్నంలో యంత్రం సున్నా చూపిస్తుంది.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. వేరే రాష్ట్రంలో వచ్చేది కేంద్రం ఇచ్చే ధాన్యం మాత్రమే. ఏపీ ఇచ్చే పంచదార, కందిపప్పు లాంటివి అక్కడ రావు. అలాగే కర్ణాటక తన కార్డుదారులకు అదనంగా ఇచ్చేది మనకు వర్తించదు.

ఎక్కడ ఇబ్బంది వస్తోంది?

ఈ-కేవైసీ: కార్డులోని ప్రతి సభ్యుడూ ఆధార్‌తో ధ్రువీకరించుకోవాలి. ఊరికి రానక్కర్లేదు. ఉన్నచోటే రేషన్ దుకాణంలో పూర్తి చేయవచ్చు.

ఆరు నెలల నిబంధన: కేంద్రం 2025 జులైలో నియంత్రణ ఉత్తర్వును సవరించింది. ఆరు నెలలు వరుసగా రేషన్ తీసుకోని కార్డును తాత్కాలికంగా నిలిపివేసి, క్షేత్రస్థాయిలో పరిశీలించాకే కొనసాగించాలా వద్దా అన్నది తేలుస్తారు. కుటుంబమంతా వలస వెళ్లి, ఊళ్లో తీసుకోకుండా, పట్నంలోనూ తీసుకోకుండా ఉంటే ఈ నిబంధన కిందికి వస్తారు.

వేలిముద్రలు: రాళ్లు, సిమెంటు పని చేసేవారి వేళ్లు అరిగిపోయి యంత్రం గుర్తించకపోవడం తరచూ వచ్చే సమస్య. వేలిముద్ర పడకపోతే కనుపాప గుర్తింపు సదుపాయం ఉందేమో అడగండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా నమోదు చేయించుకోవచ్చు.

తేదీలు: ఏపీలో 2025 జూన్ 1 నుంచి వాహనాలు ఆపేసి మళ్లీ దుకాణాల్లోనే ఇస్తున్నారు. ప్రతి నెలా 1 నుంచి 15 వరకూ పంపిణీ ఉంటుంది. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే అందించాలి. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రమే ఉన్న కుటుంబాలకు ఇది అవసరమైన సదుపాయం.

మెట్ట నేలకు బియ్యమే ఎందుకు?

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. గుమ్మఘట్ట మండలంలోనే వేదవతి నదిపై భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. ఎగువన కర్ణాటకలో వాణివిలాస సాగర్ ఉంది. వరద వచ్చిన ఏడాది తప్ప కింద నీటికి భరోసా లేదు. హంద్రీ-నీవా నీటిని జీడిపల్లి నుంచి ఇక్కడికి తెచ్చే పథకం అందుకే వచ్చింది.

ఒకప్పుడు ఈ నేలలో కొర్ర, సజ్జ, జొన్న, రాగి పండించి తినేవారు. తర్వాత వేరుసెనగ ఆ చోటు ఆక్రమించింది. వేరుసెనగ అమ్ముకునే పంట. వాన తప్పితే చేతికి డబ్బూ రాదు, ఇంట్లోకి గింజా రాదు. అందుకే తిండికి రేషన్ బియ్యం మీద, కూలికి పట్నం మీద ఆధారపడటం పెరిగింది.

చట్టం బియ్యమే ఇవ్వాలని చెప్పలేదు. ముతక ధాన్యాలు కూడా ఇవ్వవచ్చని స్పష్టంగా ఉంది. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రేషన్‌లో రాగులు ఇస్తోంది. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ ప్రారంభించి, రైతుల దగ్గర రాగులు కొని రేషన్ ద్వారా పంచింది. ఏపీలోనూ 2023లో రాయలసీమలో బియ్యంలో కొంత భాగానికి బదులు రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇది నిలబడాలంటే ముందు కొనుగోలు జరగాలి. కేంద్రం 2025-26కు రాగులకు క్వింటాకు 4,886 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. జొన్న, సజ్జలకూ మద్దతు ధర ఉంది. కొర్ర మాత్రం ఆ జాబితాలో లేదు. పైగా కొనుగోలు కేంద్రం దగ్గర్లో లేకపోతే ధర ప్రకటించినా రైతుకు అందదు. మెట్ట రైతు పండించింది కొని, అదే జిల్లా రేషన్‌లో ఇస్తే ఒకే ఖర్చుతో రెండు పనులు జరుగుతాయి. అక్కడ పంటకు గిరాకీ ఉంటుంది, ఇంట్లో తిండికి లోటు తగ్గుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి

• మీ కార్డు కేంద్రం లెక్కలోదా, రాష్ట్రానిదా అని గ్రామ లేదా వార్డు సచివాలయంలో గాని, డీలర్ దగ్గర గాని ఊరు విడిచే ముందే అడగండి.
• 'మేరా రేషన్' యాప్‌లో ఆధార్‌తో లాగిన్ అయి మీ వివరాలు, దగ్గర్లోని దుకాణాలు చూసుకోండి.
• అందరి ఈ-కేవైసీ పూర్తయిందో లేదో సరిచూసుకోండి.
• వేరే రాష్ట్రంలో డీలర్ నిరాకరిస్తే 14445కు ఫోన్ చేయండి. రేషన్‌పై మామూలు ఫిర్యాదులకు 1967.
• అక్కడా తేలకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆ తర్వాత రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. అర్హత ఉన్నవారికి ధాన్యం అందకపోతే ఆహార భద్రత భత్యం చెల్లించాలని చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదులో ఈ సెక్షన్‌ను ప్రస్తావించండి. దుకాణం పేరు, వెళ్లిన తేదీ, యంత్రం ఇచ్చిన రసీదు ఉంటే జత చేయండి.