పాఠశాల బ్లాగు

విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి ఇంటర్నెట్‌లో నడిపే బడి పత్రికను పాఠశాల బ్లాగు అంటారు. కొత్త టపా (పోస్టు) పైన, పాతవి కింద, ఒక్కోదాని అడుగున చదివినవారి వ్యాఖ్యలు కనిపిస్తాయి. మన బడుల్లో గోడ పత్రిక, లిఖిత పత్రిక చేసే పనే ఇదీ చేస్తుంది. కాకపోతే దీని పాఠకులు బడి గేటు అవతల కూడా ఉంటారు.

ఆ పాఠకుల విలువ ఇంటర్నెట్ కంటే ఎంతో ముందే తెలిసింది. ఫ్రాన్స్‌లోని ఒక పల్లెబడి ఉపాధ్యాయుడు సెలెస్టిన్ ఫ్రెనే 1924లో తరగతిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు సొంతంగా రాసుకున్నవి వాళ్లచేతే అచ్చు వేయించి వేరే ఊళ్ల బడులకు పంపేవాడు, అక్కడి పిల్లల రాతలు ఇక్కడికి వచ్చేవి. బ్లాగర్ (1999), వర్డ్‌ప్రెస్ (2003) వంటి బ్లాగు వేదికలు వచ్చాక ఆ పనికి అచ్చుయంత్రం, తపాలా బిళ్లలు అక్కర్లేకపోయాయి.

ఇటు మన తెలుగునాట చూస్తే, పిల్లల పత్రికతో తెనాలికి పాత బంధమే ఉంది. తెనాలివారైన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దారు. అయితే అది పిల్లల కోసం పెద్దలు రాసిన పత్రిక. పిల్లలే రాయడానికి ఈ ప్రాంతంలో సరుకు కొల్లలు. ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీరు తెనాలి కాలువల్లోకి ఏ రోజు వచ్చింది, రేపల్లె శివారు పొలాలకు ఏ రోజు చేరింది? రెండు ఊళ్ల పిల్లలు తేదీలు రాసి పోల్చుకుంటే భూగోళం, లెక్కలు, వ్యవసాయం ఒకే పాఠంలో వస్తాయి. తెనాలి–రేపల్లె రైలు దారిలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అక్కడి స్తూపంలో అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతుపేటికల మీది బ్రాహ్మీ అక్షరాలు చరిత్ర తరగతికి పెన్నిధి. బాపట్ల పిల్లలకు సూర్యలంక తీరం ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దలు చెప్పే సంగతులు ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.

బ్లాగు రాయడానికి కావలసిన పరికరాల కొరత ఆమధ్య కొంత తీరింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీని రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలోనే ప్రారంభించింది. వాటిలో బైజూస్ సంస్థ పాఠాలు నింపి ఇచ్చారు. పాఠం వినిపించే పరికరం వచ్చినంత మాత్రాన పిల్లవాడికి రాయడం రాదు. మన తెలుగు వాచకాల్లో స్వీయరచన, సృజనాత్మకత అభ్యాసాలు, నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులు ఉన్నాయి కాబట్టి బ్లాగు రాత అదనపు భారం కానక్కర్లేదు.

మొదటి ప్రతి నోటుబుక్కులోనే రాయించడం మేలు. తోటివాళ్లు చదివి సందేహాలు అడిగాక తిరగరాసి టైపు చేయాలి. ఉపాధ్యాయుడు తప్పొప్పులు చూడాలి గానీ పిల్లల ఇంటి మాటను పుస్తక భాషలోకి మార్చేయకూడదు. మారిస్తే అది మాస్టారి రాత అవుతుంది. వ్యాఖ్యలు ఉపాధ్యాయుడు చూశాకే కనబడేలా అమర్చుకోవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పూర్తి పేరు, ఫొటో, ఇంటి చిరునామా పెట్టకపోవడం క్షేమం.

జవాబు రాని బ్లాగు నోటీసు బోర్డుతో సమానం. అందుకని మొదలుపెట్టే ఉపాధ్యాయులు ముందుగా పక్క ఊళ్లో ఒక బడిని చూసుకుని, అక్కడి పిల్లలు చదివి బదులు రాసే ఏర్పాటు చేయాలి.