వేదవాక్కు – ముద్రణము – ధ్వనియంత్రము



మానవవాక్కును దేశకాలములు దాటించిన సాధనముల చరిత్రను చెప్పువారు సాధారణముగా 1455 ప్రాంతమున జర్మనీలోని మైన్జ్ నగరమున గూటెన్‌బర్గ్ ముద్రించిన బైబిలుతో ఆరంభింతురు. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే, లిపిని ఆశ్రయింపక శబ్దరాశిని తరతరములకు అందించిన ప్రసారవ్యవస్థ మన దేశమున వెలసినది. అదియే వేదాధ్యయన సంప్రదాయము.

దాని బలము ధారణాశక్తి మాత్రమే కాదు. దోషమును పట్టు ఉపాయము కూడ అందు ఇమిడియున్నది. సంహితను విడదీసి పదపాఠము, రెండేసి పదములను కూర్చి క్రమపాఠము, వానిని ముందువెనుకలుగా పెనవేసి జటను, ఘనను వల్లింతుము. ఘనలో ఒకటి–రెండు, రెండు–ఒకటి, ఒకటి–రెండు–మూడు, మూడు–రెండు–ఒకటి, మరల ఒకటి–రెండు–మూడు అని పదములు నడచును. ఆద్యంతములందలివి తప్ప ప్రతి పదమును 13 మార్లు పలుకవలెను. ఒకచోట స్వరము జారినచో తక్కిన ఆవృత్తులు దానిని బయటపెట్టును. ఎదుట కూర్చున్న ఆచార్యుని చెవి పట్టుకొనును.

పిమ్మట ముద్రణము వచ్చినది. మాక్స్ ముల్లర్ సాయణభాష్యసహితముగా ఋగ్వేదమును 1849 నుండి 1874 వరకు ఆరు సంపుటములుగా ప్రకటించినారు. అనుదాత్తమునకు అక్షరము క్రింద అడ్డగీత, స్వరితమునకు పైన నిలువుగీత అచ్చులోనికి వచ్చినవి. పాఠశాల లేని ఊరికిని గ్రంథము చేరగలిగినది. అయితే గీత స్వరస్థానమును చూపునే గాని, చదువరి ఎట్లు పలికెనో వినదు.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించినారు. 1938లో అఖిల భారత రేడియో మద్రాసు కేంద్రము ఆరంభమైనది. నేడు ఘనపాఠుల కంఠము ప్రతివాని చేతిలోని ఫోనులో మ్రోగుచున్నది. స్వరమే స్వయముగా ఇల్లు చేరినది గనుక ఇక కొరత లేదనిపించును.

ఇటీవల ఒక యువకుడు మా ఆలయమునకు వచ్చి, ఫోనులో విని మూడేండ్లు అభ్యసించిన నమకమును భక్తితో వినిపించినాడు. కంఠము మధురము, కాని ఒక అనువాకమున స్వరితము పలుచోట్ల తప్పినది. మూడేండ్లలో ఆ యంత్రము ఒక్కమారైనను "ఆగు నాయనా" అనలేదు. ఆ ఒక్క అనువాకమును దిద్దుటకు మాకు రెండు మాసములు పట్టినది. క్రొత్తగా నేర్చుటకన్న అలవడినదానిని మరచుటయే అతనికి కష్టమైనది.

యంత్రమును నిందింపను, అది లేకున్న అతడు రుద్రమును విని ఉండడు. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయమును మానవాళి మౌఖిక వారసత్వమున విశిష్టమైనదిగా ప్రకటించినది. ఆ సంప్రదాయమున శిష్యుడు వినుట ఎంత ముఖ్యమో, గురువు శిష్యుని వినుటయు అంత ముఖ్యము. గ్రంథము, రేడియో, ఫోను మొదటి పనిని విస్తరింపజేసినవి. రెండవది ఆచార్యునికే మిగిలినది.

కావున సాధకులారా, ఫోనులో వినుడు, గ్రంథము చూడుడు. నేర్చినదానిని వారమునకొక్క మారైనను ఒక అధ్యాపకుని ఎదుట కూర్చుండి అప్పజెప్పుడు.