పార్కు గేటు రోడ్డు మీదికే ఎందుకు? ఉప్పల్, నాచారం కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక గేటు చరిత్ర చెప్పుకుందాం. ఉప్పల్, నాచారం కాలనీల్లో నేను చూసిన చిన్న పార్కుల్లో చాలావాటికి గేటు తీస్తే ఎదురుగా రోడ్డే. మధ్యలో ఏమీ ఉండదు. బంతి బయటికి దొర్లితే దాని వెనక పిల్లాడు, పిల్లాడి వెనక కుక్క, ఇద్దరి మీదికీ ఒక బండి.

ఉప్పల్ ఒకప్పుడు వరంగల్ దారిలో ఒక ఊరు. నాచారం కూడా ఊరే, తర్వాత అక్కడ ఇండస్ట్రియల్ ఏరియా వచ్చింది, లారీలు వచ్చాయి. ఊళ్లో పిల్లలు ఆడుకోవడానికి పార్కు కావాలని ఎవరూ అడగరు. గుడి ముందు జాగా, చెరువు కట్ట, పొలం గట్లు చాలు. కుక్కని ఊరకుక్క అనేవాళ్లు. ఆ మాట గమనించండి, అది ఏ ఒక్కరిదీ కాదు, ఊరిది. ఊళ్లు కాలనీలయ్యాక అదే కుక్క వీధికుక్క అయింది.

1975లో హుడా వచ్చింది. లేఅవుట్ వేస్తే అందులో కొంత జాగా, సుమారు పదో వంతు, ఖాళీగా వదలాలన్న పద్ధతి స్థిరపడింది. మన కాలనీ పార్కులు చాలావరకు అలా మిగిలిన జాగాలే. కాగితం మీద గజాల లెక్క ఉంటుంది. గేటు ఏ వైపు ఉండాలో, లోపల ఎవరు ఆడతారో ఆ లెక్కలో రాదు. 2007 ఏప్రిల్ 16న ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. 2017లో మెట్రో వచ్చింది. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగాయి. మెయిన్ రోడ్డు మీద నిలవలేని బండ్లు గల్లీల్లోకి దూరాయి, అంటే పార్కు గేటు ముందుకి. 2023 జూన్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర స్కైవాక్ తెరిచారు, మంచి పనే. కానీ బంతి వెంట పరిగెత్తే ఐదేళ్ల పిల్ల స్కైవాక్ ఎక్కదు కదా.

ఇప్పుడు కుక్కల సంగతి. మన ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి, కుక్క కాటంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గుర్తొస్తాయి, నారాయణగూడ ఐపీఎం గుర్తొస్తుంది. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాత టీకా మన దేశంలో 2004లో ఆగిపోయింది. ఆ భయంతోనే మున్సిపాలిటీలు దశాబ్దాలపాటు కుక్కల్ని పట్టి చంపాయి. 2001లో కేంద్రం నిబంధనలు మార్చింది: పట్టుకోండి, ఆపరేషన్ చేయండి, టీకా వేయండి, పట్టుకున్న చోటే వదలండి. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. పార్కు మూల ఉన్న కుక్క అక్కడే ఉంటుందని చట్టం చెప్పింది. కానీ ఆ పార్కుని దానికి తగ్గట్టు ఎవరూ మార్చలేదు.

2023 ఫిబ్రవరిలో, ఉప్పల్ నుంచి రామంతాపూర్ దాటితే వచ్చే అంబర్‌పేటలో, నాలుగేళ్ల బాబుని కుక్కలు చంపేశాయి. తండ్రి వాచ్‌మన్‌గా పనిచేసే చోటికి వచ్చిన పిల్లాడు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు, నేను మళ్లీ చూపించను. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. మరుసటి నెలలోనే కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిలో ఒక ముక్క మనకి ముఖ్యం: కుక్కలకి తిండి పెట్టే చోటు పిల్లలు ఆడే జాగాకి, రాకపోకల దారులకి దూరంగా ఉండాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు, దానికి వేరే చోట్లు చూపించండి అంది. నేను ఇంకోటి కలుపుతాను. ఆ చోటు రోడ్డుకి అవతల ఉండకూడదు. అవతల పెడితే కుక్క పూటపూటకీ రోడ్డు దాటుతుంది, ఏదో ఒక రోజు బండి కింద పడుతుంది. పార్కు పక్కన చెత్త కుప్ప ఉన్నా ఇదే కథ.

మరి గేటు? 1979లో అమెరికాలోని బర్కిలీలో ఓలోన్ డాగ్ పార్క్ వచ్చింది, అక్కడి తొలి డాగ్ పార్కుల్లో ఒకటి. ఆ జాగా ఎలా దొరికిందో తెలుసా? భూగర్భ మెట్రో కోసం ఇళ్లు పడగొడితే పైన మిగిలింది! అలాంటి పార్కుల్లో తర్వాత పాతుకున్న అలవాటే రెండు గేట్లు. ఒకటి మూశాకే రెండోది తీస్తారు. మన కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ డాగ్ పార్క్ తెరిచింది, ఒకప్పటి చెత్త డంపింగ్ జాగాలో. అది పెంపుడు కుక్కలకి, పైగా ఉప్పల్ వాళ్లకి ఊరి ఆ చివర. మనకి డాగ్ పార్కే అక్కర్లేదు, ఆ రెండు గేట్లు చాలు. పరిగెత్తే పిల్లాడు రెండో గేటు దగ్గర రెండు క్షణాలు ఆగుతాడు, అంతలో అమ్మ చేయి అందుతుంది. తనంతట తాను మూసుకునే స్ప్రింగ్ ఉంటే కుక్క లోపలికి రాదు. ఎత్తు గోడ బదులు ఊచల కంచె ఉంటే డ్రైవర్‌కి పిల్లాడు ముందే కనిపిస్తాడు.

ఇంత చిన్న పని ఎందుకు జరగదంటే, కార్పొరేషన్ పద్ధతిలో కుక్కలు వెటర్నరీ వాళ్లవి, చెట్లూ పార్కులూ బయోడైవర్సిటీ వాళ్లవి, రోడ్డు ఇంజినీరింగ్ వాళ్లది. గేటు సరిగ్గా మూడింటి మధ్యలో ఉంది. కాబట్టి "కుక్కలు ఎక్కువయ్యాయి" అని మాత్రమే కంప్లైంట్ పెడితే అది ఒక్క వెటర్నరీకే వెళ్తుంది. గేటు ఫోటో, ఎదురు రోడ్డు ఫోటో, చెత్త కుప్ప ఫోటో కలిపి ఒకే అర్జీ రాయండి. మూడు విభాగాల పేర్లూ పైనే పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి.