ప్రాయశ్చిత్తార్థ దినమును పొరుగువాని వాకిలియు

లేవీయకాండము 16వ అధ్యాయములోని రెండు మేకల సంగతి మీరెరిగినదే. ఒకటి పాపపరిహారార్థ బలిగా వధింపబడెను. రెండవదాని తలమీద ప్రధానయాజకుడు చేతులుంచి, ప్రజల పాపములను ఒప్పుకొని, దానిని అరణ్యములోనికి పంపివేసెను. ఏడవ నెల పదియవ దినమున, సంవత్సరమునకు ఆ ఒక్క దినమే, అతడు అడ్డతెర లోపలికి ప్రవేశించెడివాడు. అందుకొరకు ఏడు దినములు ముందుగా తన యిల్లు విడిచి దేవాలయములో ఉండెడివాడనియు, ఆ రాత్రి అతడు నిద్రపోకుండ యౌవన యాజకులు కనిపెట్టుకొని యుండెడివారనియు మిష్నా అను యూదుల గ్రంథము తెలుపుచున్నది.

క్రీ.శ. 70లో సేనాధిపతియైన టైటస్ నడిపిన రోమా సైన్యము యెరూషలేము దేవాలయమును నాశనము చేసెను. బలిపీఠము లేదు, అడ్డతెర లేదు, అరణ్యమునకు పంపుటకు మేకయు లేదు. ఇక పాపము ఎట్లు పరిహారమగును? ఈ ప్రశ్న ఆ జనుల గుండెలను కోసివేసినది.

ఆ కాలమున యోహానాను బెన్ జక్కయి అను బోధకుడు యబ్నె పట్టణములో శిష్యులను కూర్చుకొని ధర్మశాస్త్రము బోధించెను. అతని శిష్యుడైన యెహోషువ పాడైన ఆలయమును చూచి అంగలార్చినప్పుడు, దానితో సమానమైన ప్రాయశ్చిత్తము మనకు ఇంకొకటి కలదు, అది కనికరముగల క్రియలేయని గురువు హోషేయ ప్రవక్త వాక్యమును చూపి ఓదార్చెనని యూదుల పూర్వ గ్రంథమొకటి చెప్పుచున్నది.

ఆలయము పోయినను ఆ దినము పోలేదు. ఏడవ నెలయైన తిష్రీ మొదటి దినమున యూదులు పొట్టేలు కొమ్ము ఊది నూతన సంవత్సరమును ఆరంభింతురు. అది మొదలు పది దినములు పశ్చాత్తాప దినములు. పదియవ దినమునకు ముందటి సాయంకాలము మొదలుకొని మరునాటి రాత్రి వరకు అన్నమైనను నీరైనను ముట్టరు. మధ్యాహ్నము తరువాత సమాజమందిరములో యోనా గ్రంథమును చదువుదురు. ఉపవాసము ముగియగానే కొమ్ము మరల ధ్వనించును.

అయితే ఈ ఉపవాసమునకు ఒక హద్దు కలదు. సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన మిష్నా దానిని తేటగా నిర్ణయించినది. దేవునికి విరోధముగా చేసిన పాపమును ఆ దినము పరిహరించును. పొరుగువానికి విరోధముగా చేసిన పాపమునైతే, వానిని సమాధానపరచువరకు అది పరిహరింపదు.

మూడవ శతాబ్దమున రవ్ అను గొప్ప బోధకుడుండెను. ఒకప్పుడు అతడు తన గురువునెదుట లేఖనము చదువుచుండగా, పెద్దలు ఒక్కొక్కరుగా లోపలికి వచ్చిరి. వచ్చిన ప్రతివానికొరకు అతడు మొదటినుండి చదివెను. చివరకు రబ్బీ హనీనా వచ్చినప్పుడు విసిగి మరల ఆరంభింపలేదు. హనీనా నొచ్చుకొనెను. క్షమాపణ అడుగుటకు మూడుమార్లు వెళ్లిన చాలునని నియమమున్నను, రవ్ పదుమూడు సంవత్సరములు ప్రతి ప్రాయశ్చిత్తార్థ దినమునకు ముందటి దినమున హనీనా యొద్దకు వెళ్లెనని తల్మూదు చెప్పుచున్నది. నొప్పించినది చిన్న సంగతియే. నడిచినది పదుమూడు ఏండ్లు!

1204లో మృతినొందిన మైమోనిడీసు ఐగుప్తులో వైద్యుడును ధర్మశాస్త్ర పండితుడునై యుండెను. అతడు ఇంకను లోతుగా వ్రాసెను. సొమ్ము అపహరించినవాడు దానిని తిరిగి ఇచ్చినంతమాత్రమున చాలదు, సొమ్ముగలవానిని బతిమాలుకొనవలెను. అతడు మరణించియుండినయెడల పదిమందిని వెంటబెట్టుకొని సమాధియొద్దకు వెళ్లి తప్పు ఒప్పుకొనవలెను. ఋణమును అతని వారసులకు చెల్లింపవలెను.

ప్రియులారా, యెరూషలేము బలిపీఠము ఇంకను నిలిచియుండగానే మన ప్రభువు కొండమీద ఇదే సంగతి బోధించెను: అర్పణమును అక్కడనే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమనెను. మనము ఉపవాసముండి కన్నీళ్లతో ప్రార్థింపవచ్చును. కాని జరిపిన గట్టు జరిపినట్లే యున్నప్పుడు, ఎగవేసిన కూలి కూలివాని చేతికి చేరనప్పుడు, మాటలాడని అన్నదమ్ములు ఒకే బల్లయొద్దకు వచ్చుచున్నప్పుడు ఆ కన్నీళ్లు ఎవనికొరకు? వచ్చు ఆదివారము ప్రభువు బల్లయొద్దకు నడచుటకు ముందు, శనివారము సాయంకాలముననే ఆ పొరుగువాని వాకిటికి నడచి వెళ్లుదము. అతడు తలుపు తీయనియెడల మరల వెళ్లుదము.